డేటా సెంటరులోని ఉమ్మడి గిడ్డంగి

మన అనకాపల్లి జిల్లాలోని రాంబిల్లి పేరు 2025వ సంవత్సరము అక్టోబరు మాసమున దేశమంతటి వార్తాపత్రికలలో కనబడినది. ఆ మాసము 14వ తేదీన గూగుల్ కంపెనీవారు విశాఖపట్టణ ప్రాంతమున గొప్ప డేటా సెంటరులను నెలకొల్పుదుమనియు, అందులకై 2026 మొదలు 2030 వఱకు ఐదేండ్లలో దాదాపు 1,500 కోట్ల అమెరికా డాలర్లు వెచ్చింతుమనియు ప్రకటించిరి. అదానీకానెక్స్, ఎయిర్‌టెల్ సంస్థలు ఇందు వారికి తోడైనవి. ఇందులకై పేర్కొనబడిన తావులలో తర్లువాడ, అడవివరము విశాఖపట్టణము జిల్లాలోనివి. రాంబిల్లి మన జిల్లాలోనిది.

ఆ భూములను గూర్చియు, ఆ కట్టడములకు కావలసిన విద్యుచ్ఛక్తిని, నీటిని గూర్చియు పెద్దలు చర్చించుచున్నారు. అవి చర్చింపదగినవే. కాని "ఆ కట్టడము లోపల ఏమి జరుగును?" అని విద్యార్థులు అడిగిన, సమాధానము చెప్పగలవారు కొలదిమంది. ఆ లోపలి సంగతులన్నియు ఒక్క వ్యాసమున ఇమడవు. కావున ఇచట ఒక్క విషయమునే తీసికొందము. పెక్కు యంత్రములు కలిసి ఒకేచోట సమాచారమును దాచుకొనునపుడు ఆ చోటును ఏర్పఱచు విధమెట్టిది? అందు పొంచియున్న అపాయమేది? గూగుల్ వంటి మహాసంస్థలు తమ పనికి తగిన ప్రత్యేక పద్ధతులను తామే కల్పించుకొన్నవి. నేను చెప్పబోవునది ఆసుపత్రులు, బ్యాంకులు, కళాశాలలు, ప్రభుత్వ కార్యాలయములు సామాన్యముగా అవలంబించు పద్ధతి. దీనిని గ్రహించినవారికి తక్కినది గ్రహించుట కష్టము కాదు.

యంత్రములో యంత్రము

డేటా సెంటరులోని పెద్ద కంప్యూటరును సర్వరు అందురు. అది మిక్కిలి బలము గలది. ఒక్క కార్యాలయపు పనిని మాత్రమే దానికి అప్పగించినచో దాని బలములో అధికభాగము వ్యర్థమగును. పది గదుల మేడలో ఒక్కడే కాపురముండినట్లుండును. కావున ఆ మేడను వాటాలుగా విభజించి వేఱువేఱు కుటుంబములకు అద్దెకిచ్చినట్లు, ఒక సర్వరును పెక్కు కల్పిత యంత్రములుగా విభజింతురు. వీనినే వర్చువల్ మెషీనులందురు. ఒక్కొక్క కల్పిత యంత్రము తానే సంపూర్ణమైన కంప్యూటరునని భావించుకొని పనిచేయును. ప్రక్కవాటాలో ఎవరున్నారో దానికి తెలియదు.

ఈ ఊహ క్రొత్తది కాదు. ఐ.బి.ఎమ్. కంపెనీవారు 1972లోనే తమ పెద్ద యంత్రములకు ఇట్టి ఏర్పాటును విక్రయమునకు పెట్టిరి. 1998లో స్థాపింపబడిన వీఎమ్‌వేర్ కంపెనీ దీనిని చిన్న సర్వరులకు తెచ్చి వ్యాప్తిచేసినది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునుండి 2003లో జెన్ అను ఏర్పాటు వెలువడినది. 2007లో కె.వి.ఎమ్. అనునది లైనక్సులో చేరి, ఎవరైనను ఉచితముగా వాడుకొనుటకు వీలైనది.

విద్యార్థులు ఇచట ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. కల్పిత యంత్రమునకు ఇనుము లేదు, తీగలు లేవు. దానిని ఆపివేసినపుడు మిగులునది డిస్కు మీద వ్రాయబడిన ఒక పెద్ద ఫైలు మాత్రమే. దాని జ్ఞాపకములు, లెక్కలు, అది కాపాడు పేర్ల పట్టికలు అన్నియు ఆ ఫైలులోనే యుండును. ఆ ఫైలు భద్రముగానున్న యెడల ఏ సర్వరు మీదనైనను ఆ యంత్రమును మరల బ్రదికింపవచ్చును. ఆ ఫైలు చెడినచో ఎన్ని సర్వరులున్నను ప్రయోజనము లేదు.

ఉమ్మడి గిడ్డంగి ఎందులకు?

ఆ ఫైలును సర్వరు కడుపులోని డిస్కు మీదనే ఉంచినామనుకొనుడు. ఆ సర్వరు చెడినపుడు ఫైలు దానిలోనే చిక్కుపడును. ప్రక్కనే మఱి రెండు సర్వరులు ఖాళీగానున్నను అవి ఏమియు చేయజాలవు.

మన పట్టణపు బెల్లము అంగడి దేశమంతట పేరొందినది కదా! ఒక రైతు తన బెల్లపు దిమ్మలను పొలములోని పాకలోనే ఉంచుకొన్నాడు. అతని బండి ఇరుసు విరిగిననాడు సరకు అచటనే నిలిచిపోవును. దిమ్మలు అంగడి ప్రక్కనున్న గిడ్డంగిలో ఉన్నచో ఒక బండి కాకున్న మఱియొక బండి వచ్చి మోసికొనిపోవును. సరకు ఒకచోట, మోయువారు వేఱొకచోట ఉండుటయే ఇందలి సౌకర్యము. డేటా సెంటరులో సరకు ఫైలు. మోయు బండ్లు సర్వరులు. రెండు మూడు సర్వరులు మొదలు పదులకొలది సర్వరులు ఒక జట్టుగా చేరి ఒకే గిడ్డంగిని వాడుకొనునపుడు ఆ జట్టును క్లస్టరు అందురు.

దీనివలన రెండు లాభములు కలవు. ఒకటి: సర్వరు హఠాత్తుగా చెడినపుడు దానిమీది కల్పిత యంత్రములను తక్కిన సర్వరులు కొద్ది నిమిషములలో మరల నడుపగలవు. రెండు: నడుచుచున్న యంత్రమును ఆపకయే ఒక సర్వరునుండి మఱొక సర్వరునకు మార్చవచ్చును. వీఎమ్‌వేర్‌వారు 2003లో ఈ నేర్పును ప్రచారములోనికి తెచ్చిరి. ఇందు డిస్కు ఫైలు ఉన్నచోటనే ఉండును. యంత్రము ఆ క్షణమున మనస్సులో పెట్టుకొన్న సంగతులు మాత్రమే నెట్‌వర్కుమీదుగా ప్రయాణము చేయును. ఈ కారణముచేతనే సర్వరును మరమ్మతు చేయునపుడు సైతము దాని మీది కార్యాలయపు పని ఆగదు.

గిడ్డంగి లోపలి కట్టుబాటు

గిడ్డంగియనగా డిస్కులతో నిండిన ఒక పెట్టె. డిస్కులు ఎపుడో ఒకప్పుడు చెడక మానవు. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు పండితులు చౌక డిస్కులను పెక్కింటిని జతపఱచి, ఒకటి చెడినను సమాచారము పోకుండ కాపాడు మార్గములను వివరించుచు ఒక వ్యాసము ప్రకటించిరి. ఆ మార్గములకు రెయిడ్ అని పేరు.

దీనిలోని కిటుకు చిన్న తరగతుల గణితముతో తెలియును. మొదటి డిస్కు మీద 25, రెండవదాని మీద 40, మూడవదాని మీద 17 అను సంఖ్యలు కలవనుకొనుడు. నాల్గవ డిస్కు మీద వాని మొత్తమైన 82 వ్రాసియుంతుము. రెండవ డిస్కు కాలిపోయినది. అపుడు 82 నుండి 25ను, 17ను తీసివేసిన 40 వచ్చును. పోయిన సంఖ్య దొరకినది! నిజమునకు యంత్రము కూడికలకు బదులు సరి బేసి లెక్కను వాడును, కాని తత్త్వమిదియే. అయితే రెండు డిస్కులు ఒక్కసారి పోయిన యెడల ఈ ఒక్క మొత్తము చాలదు. రెండు తెలియని సంఖ్యలను కనుగొనుటకు రెండు సమీకరణములు కావలెనని బీజగణితమున మీరు చదివితిరి కదా! అందుచేత ముఖ్యమైన చోట్ల రెండు విధములైన సరిచూపు లెక్కలను ఉంచుదురు. 4 టెరాబైట్ల డిస్కులు 8 ఉన్నచో, రెండింటి పరిమాణము సరిచూపునకు పోగా 24 టెరాబైట్లు వాడుకకు మిగులును. తక్కిన 8 టెరాబైట్లు వ్యర్థము కావు. అవి భద్రతకై చెల్లించిన వెల.

సర్వరులను గిడ్డంగితో కలుపుటకు ముఖ్యముగా రెండు మార్గములు కలవు. మొదటిది ఫైలు మార్గము. ఇందు గిడ్డంగి వాకిట రికార్డు కీపరువంటి యొక యంత్రము కూర్చుండును. "ఫలానా ఫైలు ఇమ్ము", "ఇందు ఈ పంక్తి చేర్చుము" అని సర్వరులు దానిని అడుగును. కాగితములను అదియే తీసియిచ్చి, అదియే మరల సర్దును. సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీవారు 1984లో తెచ్చిన ఎన్.ఎఫ్.ఎస్. ఇట్టిది.

రెండవది బ్లాకు మార్గము. ఇందు రికార్డు కీపరు లేడు. గిడ్డంగి తన స్థలములో కొంత భాగమును సంఖ్యలు వేసిన తెల్లకాగితముల కట్టవలె సర్వరులకు అప్పగించును. ఈ కట్టకు లన్ అని పేరు. ఏ కాగితము మీద ఏమి వ్రాయవలెనో సర్వరులే నిర్ణయించుకొనును. గాజుతీగలలో వెలుగుమీదుగా నడచు ఫైబర్ ఛానెల్, సామాన్యమైన నెట్‌వర్కు తీగలమీదనే నడచు ఐస్కజీ ఈ తెగకు చెందినవి. ఐస్కజీ నియమములు 2004లో అధికారముగా ప్రకటింపబడినవి. బ్లాకు మార్గము వేగము గలది. కాని కాపలాదారు లేనిచోట క్రమశిక్షణ రెట్టింపుగా కావలెనని ముందు చూతము.

ఇవి కాక సెఫ్ వంటి మూడవ తెగయు కలదు. అందు ప్రత్యేకమైన గిడ్డంగి పెట్టెయే ఉండదు. సర్వరులన్నియు తమతమ డిస్కులను ఉమ్మడిలో కలిపి, ప్రతి ముక్కను వేఱువేఱు సర్వరులమీద సాధారణముగా మూడు ప్రతులుగా ఉంచుకొనును.

ఒక కట్ట, రెండు కలములు

ఇపుడు అసలు విషయమునకు వచ్చితిమి. బెల్లపు దిమ్మ ఉపమానము ఇచట చాలదు. ఒకే దిమ్మను ఇద్దరు ఒకేసారి మోసికొనిపోలేరు. కాని ఒకే కాగితముమీద రెండు సర్వరులు ఒకేసారి వ్రాయగలవు. అపాయమంతయు అందే యున్నది.

సామాన్యమైన కంప్యూటరు తన డిస్కునకు తానొక్కటియే యజమాననని నమ్మును. ఏ కాగితములు నిండినవో, ఏవి ఖాళీయో ఒక పట్టిక వేసికొని దానిని మనస్సులో ఉంచుకొనును. ప్రతిసారియు డిస్కును చూచి రాదు. అట్లు చేసినచో పని మందగించును. ఇట్టి రెండు సర్వరులకు ఒకే లన్‌ను అప్పగించినామనుకొనుడు. మొదటి సర్వరు లెక్కలో 40 కాగితములు నిండినవి, 41వది ఖాళీ. రెండవ సర్వరు లెక్కలోను అంతే. మొదటిది 41వ కాగితముమీద పింఛనుదారుల పేర్లు వ్రాసినది. రెండవది ఆ సంగతి ఎఱుగదు. దాని మనస్సులో 41వది ఇంకను ఖాళీయే. అది అదే కాగితముమీద ఆసుపత్రి రక్తపరీక్షల ఫలితములు వ్రాసినది. పింఛను పేర్లు మాసిపోయినవి.

ఇందలి భయంకరమైన సంగతి ఏమనగా, ఆ క్షణమున ఏ గంటయు మ్రోగదు, ఏ ఎఱ్ఱదీపమును వెలుగదు. రెండు సర్వరులును తమ పని చక్కగా జరిగినదనియే చెప్పును. రెయిడ్ కూడ దీనిని ఆపలేదు. అది తనకిచ్చిన వ్రాతను నమ్మకముగా కాపాడును గాని, ఆ వ్రాత ఉండదగినదా కాదా యని అడుగదు. తప్పు వ్రాతను సైతము అది అంతే శ్రద్ధతో కాపాడును. నష్టము రోజులు గడచిన పిమ్మట, ఎవరో తమ పేరు వెదకికొన్ననాడు గాని బయటపడదు.

దీనికి విరుగుడుగా క్లస్టరులకు ప్రత్యేకమైన ఫైలు వ్యవస్థలను కల్పించిరి. వీఎమ్‌వేర్‌వారి వీఎమ్ఎఫ్ఎస్, లైనక్సులోని జీఎఫ్ఎస్2, ఓసీఎఫ్ఎస్2 ఇట్టివి. వీనిలో వ్రాయుటకు ముందు తాళము తీసికొనవలెను. ఒక ఫైలు తాళము ఒక సర్వరు చేతిలో ఉన్నంతవఱకు మఱియొకటి దానిలో వ్రాయరాదు. పదిమంది గుమాస్తాలున్న కచ్చేరీలో రిజిష్టరు ఒక్కటేయైనపుడు కలమును ఒకరినుండి ఒకరు అందుకొని వ్రాయుట వంటిదిది. తాళము లేని సామాన్య ఫైలు వ్యవస్థను ఉమ్మడి లన్‌మీద వేయుట, నడుచుచున్న కచ్చేరీలో కళ్లు మూసికొని వ్రాయుటతో సమానము.

మౌనము మరణము కాదు

అయినను ఒక చిక్కు మిగిలియున్నది. తాళము చేతబట్టిన సర్వరే చెడినచో ఏమి చేయవలెను? తాళము తిరిగిరాదని పని నిలుపవలెనా? లేక తాళమును బలవంతముగా తీసికొనవలెనా?

క్లస్టరులోని సర్వరులు "నేనున్నాను" అని క్షణక్షణము ఒకదానికొకటి సంకేతము పంపుకొనుచుండును. దీనిని గుండెచప్పుడు అందురు. ఒక సర్వరు గుండెచప్పుడు కొంత కాలము వినబడనిచో, తక్కినవి అది మరణించినదని తలచి దాని పనిని స్వీకరింప సిద్ధపడును. కాని చప్పుడు వినబడకుండుటకు రెండు కారణములుండవచ్చును. సర్వరు నిజముగా మరణించియుండవచ్చును; లేక సర్వరు కులాసాగానుండి నడుమనున్న తీగ మాత్రమే తెగియుండవచ్చును. దూరమునుండి వినువానికి ఈ రెండును ఒకే తీరున తోచును.

2014వ సంవత్సరము అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన తీరమున విఱుచుకుపడిన సంగతి మీ తలిదండ్రులు చెప్పియుందురు. విద్యుత్తు పోయినది, టెలిఫోనులు మూగబోయినవి. దూరదేశములలోనున్న బంధువులకు ఇచటివారి క్షేమసమాచారము అందలేదు. అట్లు సమాచారము రాలేదని ఎవరైనను ఇచటి బంధువును మృతునిగా ఎంచి అతని ఇంటిని పంచుకొనిరా? లేదు. మౌనము మరణము కాదని వారు ఎఱుగుదురు. ఈ వివేకమును యంత్రములకు నేర్పవలసియున్నది.

నేర్పనిచో ఏమగును? తీగ తెగిన సర్వరు తన కల్పిత యంత్రమును యథాప్రకారము నడుపుచుండును. తక్కినవి అదే యంత్రమును మఱియొకచోట లేపును. ఒకే యంత్రము రెండు శరీరములతో ఒకే ఫైలులో వ్రాయసాగును. ఈ స్థితిని నిపుణులు స్ప్లిట్ బ్రెయిన్, అనగా చీలిన మెదడు, అందురు. దీనిని నివారించుటకు రెండు నియమములు ఏర్పడినవి.

మొదటిది కోరము. సభలో తగినంతమంది లేనిదే తీర్మానము చెల్లదు. అట్లే క్లస్టరులో సగమునకు మించిన సర్వరులు ఒకరితోనొకరు మాటాడుకొనగలిగినపుడే ఆ పక్షమునకు అధికారము కలుగును. మూడు సర్వరులలో రెండు ఒకవైపు, ఒకటి ఒకవైపు చీలినచో రెండున్న పక్షము పని సాగించును. ఒంటరిది తన పనిని తానే ఆపుకొనవలెను. నాలుగు సర్వరులు రెండేసిగా చీలినచో ఏ పక్షమునకును అధికారము లేదు. రెండే సర్వరులున్న చిన్న క్లస్టరులలో ఈ చిక్కు మరింత యెక్కువ. కావున అట్టిచోట సాక్షివంటి మూడవ ఓటును వేఱొకచోట ఏర్పాటు చేయుదురు.

రెండవది కంచె. కోరము కోల్పోయిన సర్వరు తానే ఆగునని నమ్మరాదు. అది స్తంభించి, కొంతసేపటికి మేల్కొని, పాతకలముతోనే వ్రాయబూనవచ్చును. కావున దాని పనిని స్వీకరించుటకు ముందు తక్కిన సర్వరులు దానిని బలవంతముగా వెలివేయవలెను. అందులకు దాని విద్యుత్తును దూరమునుండియే ఆపివేయవచ్చును. లేక గిడ్డంగికి చెప్పి దానికిచ్చిన వ్రాతహక్కును రద్దు చేయింపవచ్చును. వెలివేత జరిగినదని రూఢియైన పిమ్మటనే దాని తాళములను తీసికొనవలెను. ఇది కఠినముగా తోచును గాని, ఒక సర్వరును అనవసరముగా ఆపుటవలన కలుగు నష్టము కొన్ని నిమిషములు మాత్రమే. ఆపకుండుటవలన కలుగు నష్టమునకు అంతు లేదు.

దీనికి దృష్టాంతముగా ఒక నిజమైన సంగతిని చెప్పెదను. ప్రోగ్రాములు వ్రాయువారు తమ పనిని దాచుకొను గిట్‌హబ్ సంస్థవారి నెట్‌వర్కు 2018వ సంవత్సరము అక్టోబరు 21న అమెరికా తూర్పుతీరమున తెగి, 43 సెకండ్లలోనే మరల కలిసినది. ఆ కొద్దికాలములోనే వారి యంత్రములు తూర్పున ఉన్నవానిని వదలి పడమటి తీరమునందలి వానికి అధికారమిచ్చినవి. తూర్పున అప్పటికే చేరిన కొన్ని వ్రాతలు పడమటికి అందలేదు. పడమట చేరిన క్రొత్త వ్రాతలు తూర్పున లేవు. ఇందు తెగినది ఉమ్మడి డిస్కు కాదు, డేటాబేసుల ప్రతుల నడుమనున్న సంబంధము. అయినను ధర్మమొక్కటే: రెండుచోట్ల రెండు కలములు కదలినవి. వాని పొంతన కుదిర్చి సేవను యథాస్థితికి తెచ్చుటకు 24 గంటల 11 నిమిషములు పట్టినది. ఆ సంస్థవారు త్వరపడి వ్రాతలను పోగొట్టుకొనుటకంటె ఆలస్యమైనను వానిని కాపాడుకొనుటయే మేలని నిర్ణయించిరి. ఆ నిర్ణయము మెచ్చదగినది.

ఏర్పాటు చేయు క్రమము

పైన చెప్పిన తత్త్వము తెలిసినవారు గిడ్డంగిని ఏ క్రమమున సిద్ధపఱతురో సంగ్రహముగా వ్రాయుచున్నాను.

1. ఎంత స్థలము కావలెనో, క్షణమునకు ఎన్ని వ్రాతలు జరుగునో ముందుగా లెక్కించుదురు. స్థలము చాలి వేగము చాలకున్నచో యంత్రములన్నియు కలిసి నత్తనడక నడచును.

2. డిస్కులను రెయిడ్ పద్ధతిని కూర్చి, చెడినదాని స్థానమున వెంటనే చేరుటకు ఒకటి రెండు డిస్కులను విడిగా సిద్ధముగా ఉంచుదురు.

3. గిడ్డంగికి పోవు నెట్‌వర్కును తక్కిన రాకపోకలతో కలుపక ప్రత్యేకముగా వేయుదురు. సంతకుపోవు జనమును, గిడ్డంగికి పోవు బండ్లును ఒకే ఇఱుకు సందులో నడచినచో ఇరువురికిని ఆటంకమే.

4. ప్రతి సర్వరునుండి గిడ్డంగికి రెండేసి దారులు, రెండు వేఱు స్విచ్చిలమీదుగా వేయుదురు. అయితే రెండు దారులలోనుండి చూచిన సర్వరునకు ఒకే లన్ రెండు డిస్కులవలె కనబడును. ఆ రెండును ఒకటేయని దానికి తెలుపు ఏర్పాటునకు మల్టీపాత్ అని పేరు. దీనిని మఱచుట పెద్ద పొరపాటు.

5. ఏ లన్‌ను ఏ సర్వరులు చూడవలెనో గిడ్డంగిలోనే నిర్ణయించి, తక్కినవానికి అది కనబడకుండ చేయుదురు. కనబడనిదానిని ఎవరును పొరపాటునైనను చెఱపజాలరు.

6. క్లస్టరును, కోరమును, కంచెను ముందుగా ఏర్పఱచి, ఆ తరువాతనే లన్‌మీద క్లస్టరునకు తగిన ఫైలు వ్యవస్థను ఒక్క సర్వరునుండి, ఒక్కసారి మాత్రమే వేయుదురు.

7. కడపట పరీక్ష. నిజమైన సమాచారమును అప్పగించుటకు పూర్వమే ఒక తీగను చేతితో ఊడబీకి చూతురు. ఒక స్విచ్చి ఆపి చూతురు. నడుచుచున్న సర్వరును హఠాత్తుగా ఆర్పి చూతురు. కల్పిత యంత్రములు మఱియొకచోట లేచినవా, పాత సర్వరు నిజముగా వెలివేయబడినదా యని గమనింతురు. పరీక్షింపని కంచె కాగితముమీది కంచెయే.

గిడ్డంగియే కాలిపోయిన?

ఇంతవఱకు చెప్పినదంతయు గిడ్డంగి లోపలి క్షేమమునకు సంబంధించినది. కాని ఉమ్మడి గిడ్డంగి యనగా అందరి సొత్తును ఒకేచోట ఉంచుట. దానికే చేటు మూడినచో అందరి సొత్తును ఒకేసారి పోవును.

దక్షిణ కొరియాలోని డేజాన్ నగరమున ఆ దేశ ప్రభుత్వపు డేటా సెంటరు కలదు. 2025వ సంవత్సరము సెప్టెంబరు 26న అందలి బ్యాటరీలనుండి మంటలు లేచినవి. ప్రభుత్వోద్యోగులు తమ కాగితములను దాచుకొనుటకు ఏర్పఱచిన జీ డ్రైవ్ అను ఉమ్మడి గిడ్డంగి ఆ మంటలలో కాలిపోయినది. అందున్న సమాచారము 858 టెరాబైట్లు. అది మిక్కిలి పెద్దదగుటచేత దానికి వేఱొకచోట ప్రతి ఉంచలేదు. ఆ దేశము యంత్రవిద్యలో ఎవరికిని తీసిపోనిది. అయినను రెండవ ప్రతి లేనిచోట ఏ విద్యయు అక్కఱకు రాలేదు.

రెయిడ్ రెండవ ప్రతి కాదు. అది ఒకే పెట్టెలోని జాగ్రత్త. స్నాప్‌షాట్ అను పేర ఒక క్షణపు స్థితిని గుర్తుంచుకొను సదుపాయము కలదు. అదియు అదే గిడ్డంగిలో ఉండును గనుక గిడ్డంగితోపాటు కాలిపోవును. నిజమైన బ్యాకప్పు వేఱు పెట్టెలో, వేఱు ఊరిలో ఉండవలెను. మొత్తము 3 ప్రతులు, 2 రకముల సాధనములమీద, అందు 1 దూరప్రదేశమున ఉండవలెనని నిపుణుల సూత్రము. తుపానుల తీరమున నివసించు మనకు ఇది మరింత గుర్తుంచుకొనదగిన మాట. అంతేకాక ఆ ప్రతినుండి సమాచారమును మరల తీసి చూచినపుడే అది ప్రతియని నమ్మవలెను. తెరిచి చూడని మూటలో ఏమున్నదో ఎవరు చెప్పగలరు?

విద్యార్థులకు

ఈ సంగతులు యంత్రములవారికే గాని మనకెందులకని తలపకుడు. రైతు భూమి అడంగలు నేడు కంప్యూటరులో ఉన్నది. వితంతువు పింఛను, కూలివాని బియ్యపు కార్డు, మీ పదవ తరగతి మార్కులు అన్నియు ఎచటనో ఒక గిడ్డంగిలోని కాగితములమీది పంక్తులే. పూర్వము రిజిష్టరు చిఱిగినచో చిఱిగినట్లు కంటికి కనబడెడిది. కొట్టివేసినచో సిరా గీత మిగిలెడిది. నేడు ఒక పంక్తి మాసిపోయినచో చిహ్నమైనను మిగులదు. పేరు లేని వృద్ధురాలు కచ్చేరీ చుట్టు తిరిగి, "నీ పేరు ఇందు లేదు" అను మాట విని మరలిపోవలసివచ్చును. తన పేరును చెఱపినది ఎవరో ఆమెకు తెలియదు. చెప్పుచున్న గుమాస్తాకును తెలియదు.

కావున ఈ విద్య వట్టి జీతము సంపాదించు విద్య కాదు. పరుల సొత్తును కాపాడు విద్య. రాంబిల్లిలోనో, విశాఖపట్టణములోనో, హైదరాబాదులోనో, మరే దేశములోనో మీలో కొందఱు ఇట్టి గిడ్డంగులకు కాపలాదారులగుదురు. అపుడు మీ పై అధికారి "పని త్వరగా కానిమ్ము, కంచె తరువాత చూతము" అని చెప్పవచ్చును. వినయముతోనే, కాని స్థిరముగా, కంచె ముందు వేయవలెనని చెప్పుడు. ఒక కాగితముమీద ఒక్క కలమే వ్రాయవలెను. మౌనమును మరణమని ఎంచరాదు. రెండవ ప్రతి లేని వ్రాత సగము పోయినట్లే. పరీక్షింపని ఏర్పాటు ఏర్పాటు కాదు. ఈ నాలుగు మాటలను నేర్చుకొనుటకు పెద్ద యంత్రములు అక్కఱలేదు. మన పాఠశాల గ్రంథాలయపు రిజిష్టరును, ప్రయోగశాల సామానుల పట్టికను శ్రద్ధగా వ్రాయుటతోనే ఈ యభ్యాసమును నేడే ప్రారంభింపవచ్చును.